జైల్లో ఉన్న మనిషిని ఇంటి ఆపదకు తీసుకురావాలంటే: హైదరాబాద్ కుటుంబాలకు పెరోల్ దారి

ఇంట్లో ఎవరో పోయారు, లేదా పోయేలా ఉన్నారు. కొడుకో, భర్తో, అన్నో జైల్లో ఉన్నాడు. ఆఖరిచూపు చూపించాలని ఇంటిల్లిపాదీ అనుకుంటారు కానీ, ముందు ఎవరి దగ్గరికి పోవాలో ఎవరికీ తెలియదు. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను వకీలును కాను. న్యాయ సహాయం అందేలా తోడ్పడే పారా లీగల్ వాలంటీర్‌గా చంచల్‌గూడ ములాఖత్ (ఖైదీలను కలిసే) గేటు దగ్గర, చర్లపల్లి జైలు బయట చాలా కుటుంబాలతో కూర్చున్నాను, అర్జీలు రాసిచ్చాను. చట్టం ఒప్పుకున్నా, కాగితం ఆలస్యమై కొడుకు లేకుండానే చితికి నిప్పు పెట్టిన రోజులు చూశాను. మీకు అలా జరగకూడదు.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి

మీ మనిషి జైల్లో ఏ హోదాలో ఉన్నాడు? కుటుంబాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పెరోల్ అనేది శిక్ష పడిన ఖైదీకి ఇచ్చే తాత్కాలిక సెలవు. కేసు ఇంకా నడుస్తూ రిమాండ్‌లో ఉన్నవారికి పెరోల్ ఉండదు. వాళ్ళు కేసు నడుస్తున్న కోర్టులోనే అడగాలి. కొన్ని రోజుల మధ్యంతర బెయిల్ అడగవచ్చు, లేదా పోలీసు ఎస్కార్ట్‌తో కొన్ని గంటలు ఇంటికి తీసుకెళ్ళి తీసుకురమ్మని అనుమతి అడగవచ్చు. కేసు నాంపల్లిలో ఉంటే నాంపల్లిలో, ఎల్బీనగర్‌లో ఉంటే అక్కడ. రిమాండ్ ఖైదీ కోసం జైలు సూపరింటెండెంట్‌కు ఎన్ని దండాలు పెట్టినా లాభం లేదు, ఆయన చేతిలో ఆ అధికారం లేదు.

శిక్ష పడి, హైకోర్టులో అప్పీలు నడుస్తుంటే అప్పీలు వేసిన వకీలు ద్వారా అదే కోర్టులో శిక్షను కొన్నాళ్ళు నిలిపి తాత్కాలిక బెయిల్ ఇమ్మని అడగడం సూటి దారి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 430వ సెక్షన్ కింద ఆ పిటిషన్ వేస్తారు. పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కింద లోపల ఉన్నవారిది మరో దారి. వాళ్ళ తాత్కాలిక విడుదల ప్రభుత్వం చేతిలో ఉంటుంది, కాబట్టి అర్జీ ప్రభుత్వానికే పెట్టాలి.

శిక్ష ఖరారై, అప్పీలు లేకుండా లోపల ఉన్నవారే అసలు పెరోల్ అడగవలసినవాళ్ళు. ఇక మీదట నేను చెప్పేది ఎక్కువగా వాళ్ళ గురించే.

మీ మనిషి సంగతి మీకు సరిగా తెలియకపోతే సిగ్గుపడకండి. ములాఖత్ చీటీ మీద ఉన్న నంబరు చూడండి. శిక్ష పడినవారికి సీటీ నంబరు, విచారణలో ఉన్నవారికి యూటీ నంబరు ఉంటుంది. ఆ నంబరు, కేసు నంబరు, శిక్ష వేసిన కోర్టు పేరు, శిక్ష పడిన తేదీ ఒక కాగితం మీద రాసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ప్రతి చోటా ముందు అడిగేది అవే.

మూడు రకాల సెలవు, మూడు రకాల తొందర

పెరోల్ అన్న మాటను మనవాళ్ళు అన్నిటికీ వాడేస్తారు. అధికారులు అలా చూడరు. ఎస్కార్ట్‌తో వెళ్ళడం ఒకటి: పోలీసులు వెంట ఉంటారు, కొన్ని గంటలు చూసి తిరిగి వస్తారు. చావు, చావుబతుకుల జబ్బు, దగ్గరి పెళ్ళి లాంటివాటికి ఇది సరిపోతుంది. రెండోది మామూలు పెరోల్: ఒక కారణం చూపించి కొన్ని రోజులు ఇంటి దగ్గర ఉండడం. మూడోది ఫర్లో: చాలాకాలం శిక్ష అనుభవించి మంచి నడవడితో ఉన్న ఖైదీకి, ప్రత్యేక కారణం లేకపోయినా, కుటుంబంతో బంధం తెగిపోకుండా ఇచ్చే సెలవు.

వీటి మధ్య లెక్క కూడా వేరు. ఫర్లో రోజులు శిక్షలో కలుస్తాయి. పెరోల్ అంటే అన్ని రోజులు శిక్షను ఆపి ఉంచడం, ఆ రోజులు శిక్షలో కలవవు. సమైక్య రాష్ట్రంలో 1981లో చేసిన పెరోల్ నిబంధనల పేరులోనే ‘శిక్ష నిలుపుదల’ అన్న మాట ఉంది. ముందస్తు విడుదలకు లెక్క వేసేటప్పుడు పెరోల్ రోజులు తీసేయాలని 2023లో గోవా ఖైదీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యావజ్జీవ ఖైదీ ఇంట్లో వాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి. ‘నెల రోజులు ఇంట్లో ఉన్నాడు కదా, నెల తగ్గింది’ అనుకుంటే తర్వాత బాధపడతారు.

ఏ కారణాలకు ఇస్తారన్నది 2017లో అస్ఫాక్ కేసులో సుప్రీంకోర్టు వరసగా చెప్పింది. దగ్గరివాళ్ళ తీవ్ర అనారోగ్యం, ప్రమాదం, మరణం, ఇంట్లో పెళ్ళి, చూసుకునేవాళ్ళు వేరే లేనప్పుడు భార్య ప్రసవం, వరద లాంటి విపత్తులో ఇంటికి పెద్ద నష్టం, కుటుంబ సంబంధాలు నిలుపుకోవడం, సుప్రీంకోర్టులో పిటిషన్ వేసుకోవడం. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: నేరం తీవ్రమైనదన్న ఒక్క కారణంతో పెరోల్‌ను మొదట్లోనే కాదనకూడదు. హత్య కేసు కదా, ఎవరిస్తారులే అని అడగకుండా కూర్చున్న కుటుంబాలు నాకు ఎన్నో తెలుసు. గంజాయి కేసుల విషయంలోనూ అంతే. మాదకద్రవ్యాల చట్టంలో శిక్షల తగ్గింపును అడ్డుకునే 32ఎ సెక్షన్ పెరోల్‌కు అడ్డం కాదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఇస్తారని గ్యారంటీ లేదు, పెరోల్ హక్కుగా లాక్కునేది కాదు. కానీ అడిగే తలుపు మూసి లేదు.

చావు కబురు వచ్చిన పూట

ఇక్కడ గంటలు లెక్క. అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

మొదటి పని జైలుకు కబురు పెట్టడం. ఫోన్ చేసి ఊరుకోవద్దు, ఒక మనిషి వెళ్ళాలి. ఏడ్చి అలసిపోయిన తల్లినో భార్యనో పంపకండి. బావమరిదో, పక్కింటి చదువుకున్న పిల్లవాడో ఎవరైనా పర్వాలేదు, కానీ ఆధార్ ఉండాలి, చనిపోయిన మనిషికీ ఖైదీకీ ఉన్న చుట్టరికం చూపించే కాగితం ఉండాలి. రేషన్ కార్డు చాలాసార్లు ఆదుకుంటుంది, అందులో ఇంటివాళ్ళందరి పేర్లూ ఒకే చోట ఉంటాయి.

లోపల ఉన్న మనిషికి ఆ కబురు ఎలా చేరుతుందో కూడా ఆలోచించండి. పక్క బ్యారక్ నుంచి గాలివార్తగా తెలిస్తే ఆ రాత్రి అతను ఏమైపోతాడో చెప్పలేం. సూపరింటెండెంట్‌నో, వెల్ఫేర్ ఆఫీసర్‌నో కలిసి ‘మీరే కూర్చోబెట్టి చెప్పండి సార్, తోడుగా ఎవరినైనా ఉంచండి’ అని అడగండి. దగ్గరి బంధువు చనిపోయినా, ప్రాణం మీదికి వచ్చినా ఖైదీకి వెంటనే తెలియజేయాలని, వీలైతే ఎస్కార్ట్‌తోనో ఒంటరిగానో వెళ్ళనివ్వాలని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో ఉంది. ఇది మీరు అడుక్కునే దయ కాదు.

మున్సిపాలిటీ ఇచ్చే మరణ ధ్రువపత్రం కోసం ఆగవద్దు. అది వచ్చేసరికి దినాలు అయిపోతాయి. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రి ఇచ్చే డెత్ రిపోర్టు, ఇంట్లో పోతే చూసిన డాక్టరు రాసిచ్చిన కాగితం, పోస్ట్‌మార్టం ఉంటే స్టేషన్ కాగితం, వీటితోనే అర్జీ పెట్టండి. ఉస్మానియాలోనో గాంధీలోనో మృతదేహం మార్చురీలో ఉంటే ఆ రసీదు కూడా జత చేయండి.

అంత్యక్రియలు ఎప్పుడు, ఎక్కడ అన్నది గంటతో సహా రాయాలి. ‘రేపు’ అని రాస్తే ఎస్కార్ట్ వేసేవారికి ఏమీ తెలియదు. ‘రేపు ఉదయం పదకొండు గంటలకు అంబర్‌పేట శ్మశానవాటికలో’ అని రాస్తే వాళ్ళు వాహనం, మనుషులను చూసుకోగలరు. ఎస్కార్ట్ పోలీసుల లభ్యత మీద చాలా ఆధారపడి ఉంటుంది. వినాయక నిమజ్జనం, బోనాలు, ఎన్నికల రోజుల్లో అందరూ బందోబస్తులో ఉంటారు. అలాంటి రోజుల్లో పొద్దున్నే అడగకపోతే సాయంత్రానికి మనుషులు దొరకరు.

కుటుంబ పెద్దలతో ఒక మాట మాట్లాడుకోండి. ఫ్రీజర్ బాక్స్ తెచ్చి ఒక రోజు ఆపగలమా? ఆపగలిగితే అర్జీలో ఆ సంగతి రాయండి. ముస్లిం కుటుంబాల్లో జనాజా ఆ రోజే అయిపోవాలంటారు, ఆపడం కష్టం. అప్పుడు ఖననానికి అందకపోతే మూడో రోజు జియారత్‌కు, తర్వాత నలభయ్యో రోజు చాలీస్మాకు అడగండి. హిందువుల ఇళ్ళల్లో దహనానికి అందకపోతే దశదిన కర్మకు అడగవచ్చు. పదకొండు రోజుల వ్యవధి ఉంటుంది కనుక కొన్ని రోజుల మామూలు పెరోల్‌కు కూడా ప్రయత్నించవచ్చు. నేను చూసినంతలో దహనానికి కాదన్న చోట కర్మకు దొరికింది. మొదటి అర్జీ కాదన్నారని రెండోది మానుకోకండి.

ఏదీ కుదరకపోతే, వీడియో ములాఖత్‌లో ముఖం చూపించమని అడగండి. తండ్రి పాదాలను ఫోన్ తెరమీద చూసి మొక్కిన ఒక పిల్లవాడి గురించి అతని అక్క నాకు చెప్పింది. అది చాలదని నాకు తెలుసు. కానీ ఏమీ లేకపోవడం కంటే అదే నయమని ఆమే అంది.

కాగితాలు: ఏ కారణానికి ఏది

జబ్బు అయితే ‘ఆరోగ్యం బాగోలేదు’ అన్న సర్టిఫికెట్ పనికిరాదు. జబ్బు పేరు, ఎప్పుడు చేర్చారు, ఆపరేషన్ తేదీ, పక్కన మనిషి ఎందుకు కావాలి అన్నవి డాక్టరు చేతిరాతతో, సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరుతో ఉండాలి. నిమ్స్, గాంధీ, ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆస్పత్రి కాగితానికి బరువు ఎక్కువ. ప్రైవేటు ఆస్పత్రి అయితే కేసు షీటు, స్కానింగ్ రిపోర్టులు కూడా జతచేయండి, ఎందుకంటే పోలీసులు వెళ్ళి విచారిస్తారు.

పెళ్ళి అయితే శుభలేఖ, ఫంక్షన్ హాల్ రసీదు, వధువు లేదా వరుడి వయసు చూపే కాగితం. ఖైదీ అక్కడ ఏ స్థానంలో ఉండాలో కూడా రాయండి. కన్యాదానం చేయవలసిన తండ్రి అనో, తండ్రి లేని చెల్లెలికి పెద్దన్న అనో. శుభలేఖలో ఖైదీ పేరు ఉంటే దాని కింద గీత గీయండి.

ప్రసవం అయితే గర్భిణి కార్డు, డాక్టరు రాసిన కాన్పు తేదీ. పేట్లబుర్జులోనో కోఠీ ప్రసూతి ఆస్పత్రిలోనో చూపించుకుంటుంటే ఆ పుస్తకం కాపీ. ఇంట్లో వేరే ఆడదిక్కు లేదన్న సంగతి స్పష్టంగా రాయాలి, ఈ కారణానికి ప్రాణం అదే.

లోపల ఉన్నది గర్భిణి అయితే సంగతి వేరు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, తగిన ఆసరా ఉన్న గర్భిణి ఖైదీకి వీలైనంతవరకు తాత్కాలిక విడుదలో పెరోలో ఇచ్చి జైలు బయట కాన్పు అయ్యేలా చూడాలి. చంచల్‌గూడ మహిళా జైలులో మీ ఆడపడుచు ఉంటే ఏడో నెలలోనే అర్జీ పెట్టండి. ‘కాన్పుకు మా ఇంట్లో చూసుకుంటాం’ అని తల్లి లేదా అత్త సంతకం చేసిన కాగితం జతచేస్తే ఆ ఆసరా ఉందని చూపించినట్టు.

నకిలీ కాగితం మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఒకసారి ఒక కుటుంబం గేటు దగ్గర తిరిగే ఒక ఏజెంటుకు డబ్బులిచ్చి గుండెజబ్బు సర్టిఫికెట్ చేయించుకుంది. నిజానికి తల్లికి కిడ్నీ సమస్య, డయాలసిస్ నడుస్తోంది. నిజమైన కారణమే ఉండగా అబద్ధపు కాగితం పెట్టారు. ఆస్పత్రిలో విచారిస్తే ఆ పేరే లేదని తేలింది. ఆ తర్వాత డయాలసిస్ కాగితాలు తెచ్చినా నమ్మే మనిషి లేడు. ఆ తల్లి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అర్జీ రాసే తీరు

అర్జీ ఒక పేజీ దాటకూడదు. శిక్ష అన్యాయమని, పోలీసులు ఇరికించారని అందులో రాయకండి, అది ఈ అధికారి తేల్చేది కాదు. ఒకే కారణం, ఒకే కోరిక. ఇలా రాయవచ్చు:

‘గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి, కేంద్ర కారాగారం, చర్లపల్లి. నేను సీటీ నంబరు ఫలానా ఖైదీ ఫలానా వారి భార్యను. ఫలానా కోర్టు ఫలానా తేదీన ఫలానా కేసులో ఆయనకు ఇన్నేళ్ళ శిక్ష వేసింది. ఇప్పటికి ఇన్నేళ్ళు పూర్తయింది. ఇంతకు ముందు ఫలానా సంవత్సరంలో పెరోల్ మీద వచ్చి గడువులోగా తిరిగి వచ్చారు. మా అత్తగారికి ఫలానా తేదీన నిమ్స్‌లో ఆపరేషన్ ఉంది. ఆమెకు ఆయన ఒక్కరే కొడుకు. దయచేసి ఫలానా తేదీ నుంచి ఇన్ని రోజులు పెరోల్ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఆ రోజుల్లో ఆయన ఈ చిరునామాలోనే ఉంటారు. జామీను ఇవ్వడానికి ఈ ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. గడువు రోజున నేనే వెంట తీసుకొచ్చి అప్పగిస్తాను.’

కింద సంతకం, ఫోన్ నంబరు, జతచేసిన కాగితాల జాబితా. ‘నేనే వెంట తీసుకొచ్చి అప్పగిస్తాను’ అన్న వాక్యం నేను ప్రతి అర్జీలో రాయిస్తాను. చదివే అధికారి మనసులో ఉండే భయం ఒక్కటే, ఇతను తిరిగి వస్తాడా అని. దానికి జవాబు మీరే ముందుగా ఇచ్చినట్టు అవుతుంది.

ఖైదీ కూడా లోపల నుంచి అదే కోరికతో అర్జీ పెట్టుకోవాలి. ములాఖత్‌లో తేదీలు ఒకటే చెప్పుకోండి. బయట అర్జీలో పదిహేను రోజులు, లోపల అర్జీలో నెల అని ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది.

ఎక్కడ ఇవ్వాలి, ఎలా వెంటపడాలి

మొదటి కాపీ జైలు సూపరింటెండెంట్‌కు. రెండోది చంచల్‌గూడలోనే ఉన్న జైళ్ళ శాఖ ప్రధాన కార్యాలయానికి. మూడోది సచివాలయంలో హోం శాఖకు. మూడు చోట్లా ఇన్‌వార్డ్ ముద్ర (అర్జీ అందినట్టు వేసేది), తేదీ వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉండాలి. ముద్ర వేయమంటే విసుక్కున్నా సరే, వేయించుకునే రండి. స్వయంగా ఇవ్వలేకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తర్వాత హైకోర్టుకు వెళ్ళవలసి వస్తే ఆ ముద్రే మీకు ఆధారం.

జైలు నుంచి ఫైలు కదిలేటప్పుడు అందులో ఖైదీ నడవడి రిపోర్టు, హిస్టరీ టికెట్‌లో (జైల్లో ఖైదీ గురించి రాసే రికార్డులో) ఉన్న వివరాలు, శిక్ష లెక్క వెళతాయి. లోపల గొడవలు పడి శిక్షలు పొందినవారికి ఇక్కడే దెబ్బ. ఈ మాట ములాఖత్‌కు వెళ్ళినప్పుడు ముందు నుంచే చెబుతూ ఉండండి.

డబ్బు లేదని ఆగవద్దు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987 ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవా సదన్‌కు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. జైలు లోపల కూడా లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, ఖైదీ అక్కడే అడగవచ్చు.

పోలీసు విచారణ

మీ ఇల్లు ఏ స్టేషన్ పరిధిలో ఉందో ఆ స్టేషన్‌కు రిపోర్టు కోసం కాగితం వస్తుంది. ఆలస్యం ఎక్కువగా జరిగేది ఈ మెట్టు దగ్గరే. ఒక ఇంట్లో చెల్లెలి పెళ్ళికి అన్నను రప్పించాలని నెల ముందే అర్జీ పెట్టాం. విచారణ కాగితం స్టేషన్‌లో ఒక బల్ల మీద మూడు వారాలు పడి ఉంది. మేము వెళ్ళి అడిగేదాకా ఎవరూ తీయలేదు. పెళ్ళి ముందు రోజు రాత్రి అతను ఇంటికి చేరాడు, మెహందీ, హల్దీ అన్నీ అయిపోయాక. అప్పటి నుంచి నేను చెప్పే మాట ఒకటే: అర్జీ ఇచ్చిన మూడో రోజు నుంచి స్టేషన్‌కు వెళ్ళి కాగితం వచ్చిందా అని మర్యాదగా అడుగుతూ ఉండండి.

విచారణకు వచ్చినవారు ఇల్లు చూస్తారు, ఇరుగుపొరుగును అడుగుతారు, బాధితుల కుటుంబాన్ని కూడా అడుగుతారు. ఇక్కడ నిజాయితీగా ఉండాలి. మన ఇంట్లో దుఃఖం ఉంది, ఎదుటివాళ్ళ ఇంట్లో మన మనిషి వల్ల వచ్చిన దుఃఖం ఇంకా ఉంది. బాధితులు అదే బస్తీలో, అదే గల్లీలో ఉంటే మీ మనిషిని అక్కడికి తీసుకురావాలని పట్టుబట్టకండి. మేడ్చల్‌లో మేనమామ ఇల్లో, సంగారెడ్డిలో అక్క ఇల్లో చూపించి ఆ చిరునామా అర్జీలో రాయండి. ‘గొడవలు జరిగే అవకాశం ఉంది’ అన్న ఒక్క వాక్యంతో ఎన్నో అర్జీలు ఆగిపోతాయి, ఆ వాక్యానికి చోటివ్వకుండా ముందే సర్దుకోవడం మన చేతిలో ఉంది. బాధితుల ఇంటికి వెళ్ళి ‘మీరు ఒప్పుకోండి’ అని బతిమాలడం, పెద్దమనుషులను పంపడం వద్దు. అది బెదిరింపుగా కనబడుతుంది, వాళ్ళకు నిజంగా భయం వేస్తుంది కూడా.

జవాబు రాకపోతే హైకోర్టు

తేదీ దగ్గరపడుతున్నా ఫైలు కదలకపోతే, లేదా కారణం చెప్పకుండా కాదంటే, తెలంగాణ హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు, అంటే అధికారులకు ఆదేశం ఇమ్మని కోర్టును అడగడం. రాజ్యాంగం 226వ అధికరణం కింద. చాలాసార్లు భార్య, తల్లి లాంటివాళ్ళే పిటిషనర్లుగా వేస్తారు. దీనిలో ఒక పెద్ద సులువు ఉంది. ఖైదీ పేరు మీద వేస్తే వకాలత్‌నామా (వకీలుకు అధికారమిచ్చే కాగితం) జైలుకు పంపి సంతకం చేయించి, అధికారి ధ్రువీకరించి, తిరిగి తెచ్చుకోవాలి. ఒకటి రెండు రోజులు అందులోనే పోతాయి. భార్య వేస్తే ఆమె అక్కడికక్కడే సంతకం పెడుతుంది.

కోర్టు సాధారణంగా చూసేది మీరు ముందుగా అధికారులను అడిగారా అని. అందుకే ఆ ఇన్‌వార్డ్ ముద్రలు. చావు లాంటి అత్యవసరమైతే వకీలును లంచ్ మోషన్ అడగమనండి, అంటే పొద్దున చెప్పి ఆ మధ్యాహ్నమే విచారణకు తెచ్చుకోవడం. కోర్టు సెలవు రోజైతే హౌస్ మోషన్ ఉంటుంది. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, కొత్త వకీలు దగ్గరికి వెళ్ళినా మీరు అడగగలుగుతారు.

ఆర్డర్ వచ్చాక

ఆర్డర్ కాపీ చేతికి రాగానే ఒకసారి కాదు, రెండుసార్లు చదివించుకోండి. ఎన్ని రోజులు, ఏ రోజు నుంచి లెక్క, ఏ స్టేషన్‌లో ఎప్పుడెప్పుడు సంతకం పెట్టాలి, ఊరు దాటవచ్చా, ఎస్కార్ట్ అయితే ఖర్చు ఎవరిది, ఏ రోజు ఏ గంటకు తిరిగి లొంగిపోవాలి. జామీనుదారులను ముందే సిద్ధం చేసుకోకపోతే ఆర్డర్ వచ్చాక కూడా రెండు మూడు రోజులు గేటు లోపలే గడిచిపోతాయి. వాళ్ళ ఆధార్, ఇంటి పన్ను రసీదు లేదా జీతం స్లిప్పు, ఫొటోలు ఒక కవర్‌లో పెట్టి ఉంచండి. జామీను ఉండేవాళ్ళకు విషయం దాచకండి. అతను తిరిగి రాకపోతే డబ్బు పోయేది వాళ్ళది.

తీసుకురావడానికి ఇద్దరు చాలు. పూలదండలతో, బైకులతో గుంపుగా జైలు గేటుకు వెళ్ళకండి. ఇంటికి వచ్చాక సెల్‌ఫోన్‌లో ఫొటోలు పెట్టడం, వీడియోలు తీయడం వద్దు. ఎదుటి కుటుంబం ఆ వీడియో చూస్తే వాళ్ళకు ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి. దాని మీద ఫిర్యాదు వస్తే పెరోల్ రద్దు కావచ్చు కూడా.

ఏళ్ళ తర్వాత వచ్చిన మనిషి ఇంట్లో కొత్తగా ఉంటాడు. రాత్రి లైటు ఆపితే నిద్రపట్టక లేచి కూర్చుంటాడు, చిన్న పిల్లలు దగ్గరికి రారు. ఉన్న కొద్ది రోజుల్లో చుట్టాలందరినీ పిలిచి హడావిడి పెట్టకండి. వచ్చిన పని మీద ఉండనివ్వండి. తల్లి ఆస్పత్రిలో ఉంటే తల్లి దగ్గరే, కర్మ ఉంటే కర్మ దగ్గరే. స్నేహితులు రాత్రిపూట మందు తాగిద్దామని పిలుస్తారు, దానికి ఇంటి ఆడవాళ్ళే గట్టిగా అడ్డం నిలబడాలి.

స్టేషన్‌లో సంతకం ఉంటే ప్రతిసారీ వెంట ఒకరు వెళ్ళి రిజిస్టర్‌లో పెట్టినట్టు చూసుకోండి, తేదీ, సమయం మీ దగ్గర రాసుకోండి. రాలేదని ఎవరైనా రాసినా మీ దగ్గర లెక్క ఉంటుంది.

తిరిగి వెళ్ళే రోజు

గడువు పెంచమని అడగాలంటే గడువు ఉండగానే అడగాలి. తల్లి ఐసీయూలో ఉంది, ఇంకో వారం కావాలి అంటే కనీసం నాలుగైదు రోజుల ముందే కొత్త మెడికల్ కాగితంతో అర్జీ పెట్టండి. పెంచినట్టు కాగితం చేతికి రాకపోతే, తల్లి ఎలా ఉన్నా సరే, ఆ రోజు గేటు దగ్గర ఉండాలి. ఇది చెప్పడం నాకే కష్టం. ఒక తమ్ముడు ‘రెండు రోజులే కదా సార్’ అని ఆగిపోయాడు. ఆ రెండు రోజులకు కేసు, రెమిషన్ (శిక్షలో ఇచ్చే తగ్గింపు) కోత, తర్వాత నాలుగేళ్ళు ఒక్క సెలవు లేదు. ఆ నాలుగేళ్ళలోనే వాళ్ళ నాన్న పోయారు.

ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనం తొందరగా పెట్టేయండి. ఇంటి నుంచి చర్లపల్లికి ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టవచ్చు, సాయంత్రం లాకప్ (ఖైదీలను లోపల పెట్టి తాళం వేసే) సమయానికి చాలా ముందే చేరాలి. మందులు వాడుతుంటే డాక్టరు చీటీతో సహా ఇవ్వండి, చీటీ లేని మందు లోపలికి పోనివ్వరు. గేటు దగ్గర అప్పగించిన సమయం రాసిన కాగితం అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే మీ పెరోల్ ఆర్డర్ కాపీ మీదే తేదీ, గంట రాసి సంతకం పెట్టి దాచుకోండి. ఆ కాగితం, ఇన్‌వార్డ్ ముద్రలున్న అర్జీలు, జామీను కాగితాల కాపీలు, స్టేషన్ సంతకాల లెక్క అన్నీ ఒక ఫైలులో పెట్టి బీరువాలో ఉంచండి. మళ్ళీ అవసరం వచ్చినప్పుడు ‘ఇంతకు ముందు గడువులోగా తిరిగి వచ్చారు’ అన్న వాక్యం పక్కన జతచేయవలసింది ఆ కాగితమే.